ఆర్డరిచ్చి చేయించే వస్తువు: ముందు మాట, తరువాత పని

అనంతపురం పీఠభూమి వాన కరవైన నేల. మబ్బు ముఖం చాటేసిన ఏడాది వేరుశనగ చేతికి రాదు. అటువంటి ఏడాది చేతిపని తెలిసిన ఇంట మాత్రమే పొయ్యి వెలుగుతుంది. ధర్మవరం పట్టుమగ్గం, ఆ పక్కనే ఉన్న నిమ్మలకుంట తోలుబొమ్మ ఈ ప్రాంతపు పేరెన్నికగన్న చేతిపనులు. 2022లో జిల్లాల పునర్విభజనతో ఈ ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, నేల అదే, కరవూ అదే.

నిమ్మలకుంట కళాకారులు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు అవతలికి కనిపించేటంత పలుచన చేస్తారు. దానిపై గీతలు గీసి, రంగులద్ది, ఉలితో సన్నని రంధ్రాలు తొలుస్తారు. ఈ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. రాత్రంతా సాగే ఆటలకు ప్రేక్షకులు తగ్గిపోయిన తరువాత ఆ తోలు, ఆ రంగులే ల్యాంప్ షేడ్లుగా, గోడ అలంకరణలుగా రూపు మార్చుకున్నాయి. నేడు ఆ పనికి ఆర్డర్లే ముఖ్యమైన ఆధారం.

ఆర్డరులోనే అసలు చిక్కు ఉన్నది. ఏ సంస్థలోనూ ఉద్యోగం చేయక, సొంతంగా చిత్రాలు గీసి జీవించే యువతీయువకులు ఇప్పుడు ఎందరో ఉన్నారు. తాము గీసిన లతలను, పూలను, అరబీ లిపి అలంకరణలను ల్యాంప్ షేడ్లపైనో, గుడ్డ సంచులపైనో, కప్పులపైనో వేయించి అమ్ముకోవాలనుకుంటారు. వస్తువును తయారుచేసే పని తమకు రాదు కనుక తయారీదారును ఆశ్రయిస్తారు. చిత్రం వాట్సాప్‌లో వెళ్తుంది, అడ్వాన్సు ఫోన్‌లో వెళ్తుంది. కొన్నాళ్లకు కట్ట విప్పి చూస్తే ఎరుపు ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది, కొలత రెండంగుళాలు తగ్గి ఉంటుంది. “మీరు పంపినదే చేశాము” అంటారు వారు. “నేను అడిగినది ఇది కాదు” అంటారు వీరు. ఆ సరుకును వెనక్కి పంపినా తయారీదారు మరొకరికి అమ్ముకోలేడు. అది ఒకరి కోసమే చేసినది. ఉంచుకుంటే చిత్రకారుని పెట్టుబడి మునుగుతుంది. ఇద్దరిలో ఎవరు ఓడినా ఒక ఇంటి భుక్తికే దెబ్బ.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ వ్యవహారాన్ని ‘ఇస్తిస్నా’ అంటుంది. అంటే ఇంకా ఉనికిలోకి రాని వస్తువును, ఫలానా విధంగా చేసి ఇమ్మని కుదుర్చుకునే బేరం. లేని వస్తువును అమ్మరాదన్నది సాధారణ సూత్రం. అయినా ప్రజల అవసరాన్ని, ఎడతెగని ఆచారాన్ని గమనించి హనఫీ ధర్మవేత్తలు దీనిని అనుమతించారు. దైవప్రవక్త (స) వెండి ఉంగరం చేయించుకున్న సంఘటనను వారు ఆధారంగా చూపుతారు. ఆ ఉంగరం మీది అక్షరాలు రాజులకు పంపే లేఖలపై ముద్రగా పనిచేసేవి. అదే ముద్రను మరెవరూ చెక్కించుకోరాదని ఆయన (స) ఆదేశించినట్లు హదీసులలో ఉన్నది. ఒకరి కోసం చేసిన అచ్చును మరొకరికి వాడరాదన్న మర్యాదకు అందులో చక్కని సూచన ఉన్నది. చిత్రకారుని నమూనాను అతని అనుమతి లేకుండా ఇతరులకు అచ్చువేసి అమ్మే తయారీదారు దీనిని గుర్తుంచుకోవాలి.

వస్తువు తయారైన తరువాత కొనేవారు వద్దనవచ్చునా? చెప్పినట్లే చేసినా, కంటితో చూసిన తరువాత నిరాకరించే హక్కు కొనేవారికి ఉంటుందన్నారు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ). చెప్పినట్లు చేసి ఉంటే ఆ హక్కు లేదన్నారు ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ). ముడిసరుకు ఖర్చుపెట్టి, శ్రమపడి చేసిన పనివాడికి నష్టం కలుగకూడదన్నదే ఇందులోని ఆలోచన. తుర్కీ ఉస్మానియా సామ్రాజ్యంలో 1876 నాటికి పూర్తయిన ‘మజల్లా’ న్యాయసంహిత ఈ రెండో అభిప్రాయాన్నే స్వీకరించింది. బేరం కుదిరాక ఎవరూ వెనుదిరగరాదు, వస్తువు వర్ణనకు భిన్నంగా ఉంటే మాత్రం ఉంచుకోవడమో వదులుకోవడమో కొనేవారి ఇష్టం. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ కూడా ఈ ఒప్పందం ఇరువురినీ బంధిస్తుందని తీర్మానించింది. వస్తువు రకం, గుణం, పరిమాణం, అందించే గడువు స్పష్టంగా ఉండాలన్నది. ధరను తరువాత గానీ వాయిదాలలో గానీ చెల్లించవచ్చునన్నది.

ముడిసరుకు ఎవరిదన్నది మరో ముఖ్య విషయం. ధర్మవరంలో ఆసామి పట్టునూలు, డిజైను ఇచ్చి నేతగానితో చీర నేయిస్తే అది ఇస్తిస్నా కాదు, కూలి ఒప్పందం, అనగా ‘ఇజారా’. తోలు, రంగులు కళాకారునివే అయితే ఇస్తిస్నా. ఈ తేడా తెలియకపోతే నష్టం ఎవరిదన్న తగవు తెగదు.

మన దేశ చట్టమూ ఈ దారినే నడుస్తుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, నమూనా చూపి అమ్మిన సరుకు ఆ నమూనాకు సరిపోలాలి. వర్ణన కూడా చెప్పి ఉంటే రెండింటికీ సరిపోలాలి. సరుకును పరీక్షించుకునే అవకాశం కొనేవారికి ఉండాలి. అయితే అందుకున్న తరువాత తగిన సమయంలో అభ్యంతరం చెప్పక ఉంచుకుంటే, అంగీకరించినట్లే లెక్క. తయారీదారుకూ రక్షణ ఉన్నది. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు చెల్లించవలసిన సొమ్ముకు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, అది సరుకును అంగీకరించిన నాటి నుండి 45 రోజులు మించరాదని 2006 నాటి చట్టం చెబుతున్నది.

కనుక ఆర్డరిచ్చే చిత్రకారుడు మొదట ఒకే ఒక వస్తువును చేయించి, ధర చెల్లించి తెప్పించుకోవాలి. ల్యాంప్ షేడ్ అయితే పగటి వెలుతురులోనూ, లోపల దీపం వెలిగించీ చూడాలి. తోలు గుండా వచ్చే రంగు వేరు, ఫోన్ తెరపై కనిపించే రంగు వేరు. నచ్చితే అటువంటివే రెండు చేయించి, ఒకటి తన వద్ద, ఒకటి తయారీదారు వద్ద ఉంచాలి. రేపు తగవు వస్తే ఆ రెండే సాక్షులు. కొలతలు, సంఖ్య, గడువు, అడ్వాన్సు, మిగతా సొమ్ము ఎప్పుడన్నది కాగితంపై రాసి ఇరువురూ సంతకం చేయాలి. నమూనాపై హక్కు ఎవరిదో కూడా అందులోనే రాయాలి. కట్ట అందిన రోజే విప్పి చూసి, లోపముంటే వెంటనే తెలపాలి.

అదే సమయంలో చేతిపని చేతిపనేనని గుర్తించాలి. ఏ రెండు తోళ్లూ ఒకే మందంతో ఉండవు. ఉలి దెబ్బలో వెంట్రుకవాసి తేడాను లోపమని చూపి ధర తగ్గించమనడం న్యాయం కాదు. ఎంత తేడాను ఇద్దరూ ఒప్పుకుంటారో ముందే మాట్లాడుకుంటే ఆ తగవే రాదు. తయారీదారు కూడా తనకు చేతకాని రంగును, కుదరని గడువును ఒప్పుకోకూడదు. ఆర్డరు పోతుందన్న భయంతో అన్న “సరే” తరువాత మోసంగా పరిణమిస్తుంది.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు వ్యవహారాలను రాసుకోవడాన్ని గురించినది. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగుపడవద్దని అది బోధిస్తుంది. నమ్మకం లేక రాసుకుంటున్నామని కొందరు నొచ్చుకుంటారు. నిజానికి నమ్మకం చెడకుండా ఉండేందుకే రాత. మీ ఇంటి అమ్మాయి గీసిన చిత్రం మొదటి ఆర్డరుగా వెళ్లే రోజున, డబ్బు కంటే ముందు ఒక కాగితం వెళ్లేలా చూడండి.