విదేశాలలో నర్సులు – మందుచీటి వ్రాసే అధికారం

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివి నర్సింగు విద్యలో ప్రవేశించదలచే విద్యార్థినులు మన కళాశాలలో ఏటా కనిపిస్తారు. వారిలో పలువురి దృష్టి విదేశాలపై ఉన్నది. “అక్కడ నర్సులు కూడ డాక్టర్ల వలె మందులు వ్రాస్తారట గదా!” అన్న మాట వారి నోట, వారి తల్లిదండ్రుల నోట తరచు వినిపిస్తుంది. ఈ మాటలో సగం నిజమున్నది. తక్కిన సగం తెలియనిచో, ఈ సగం నిజమే చేటు తేగలదు. కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం.

మొదట మూడు పనులను వేరుచేసి చూడాలి. రోగిని పరీక్షించి, వ్యాధిని గుర్తించి, ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని దినాలు వాడవలెనో నిర్ణయించి చీటి వ్రాయడం మొదటిది. చీటి చూచి మందు అందించడం రెండవది. ఇది ఫార్మసిస్టు పని. ఆ మందును వేళకు రోగిచేత మింగించడం, లేదా సూది ద్వారా ఎక్కించడం మూడవది. ఇది నర్సు పని. మందుచీటిని ఉర్దూలో ‘నుస్ఖా’ అంటారు. నుస్ఖా వ్రాసిన చేయి ఆ మందు వలన కలిగే మేలుకూ కీడుకూ జవాబు చెప్పవలసిన చేయి. మందు ఇవ్వడంలో నర్సు ఎంతటి నిపుణురాలైనా, మందును నిర్ణయించే అధికారం ఆ నైపుణ్యం నుండి తనంత తాను పుట్టదు. దానిని చట్టమే ఇవ్వాలి.

మన దేశంలో 1945 నాటి ఔషధ నియమావళి ప్రకారం ‘షెడ్యూల్ హెచ్’లో చేర్చిన మందులను రిజిస్టరు అయిన వైద్యుని చీటి పైననే అమ్మాలి. పల్లెలో ఏ.ఎన్.ఎం. జ్వరానికి మాత్ర ఇచ్చినా, గర్భిణికి ఇనుము మాత్రలు పంచినా, అది ప్రభుత్వ కార్యక్రమ ఆదేశాలకు లోబడి చేసే సేవ. అది సొంతంగా వ్రాసే నుస్ఖా కాదు.

బ్రిటన్‌లో ఈ విషయమై మార్పు వచ్చిన తీరు గమనింపదగినది. ఇండ్లకు వెళ్ళి సేవచేసే నర్సుల పనిని 1986లో జూలియా కంబర్లీజ్ అధ్యక్షతన ఒక సంఘం పరిశీలించినది. మంచం పట్టిన వృద్ధుని పుండుకు ఏ కట్టు తగినదో నర్సుకు తెలుసు. కాని దానిని పొందడానికి డాక్టరు సంతకం కొరకు ఆమె తిరగవలసి వచ్చేది. నిర్ణయం ఆమెది, సంతకం వేరొకరిది, నిరీక్షణ రోగిది. అందువలన పరిమితమైన జాబితా నుండి వ్రాసే హక్కు ఆమెకు ఇవ్వాలని ఆ సంఘం సిఫారసు చేసినది. 1992లో పార్లమెంటు చట్టం చేసినది. 1994లో కొన్ని కేంద్రాలలో ప్రయోగాత్మకంగా అమలు మొదలైనది. 2006లో, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు తమ సామర్థ్య పరిధిలోని దాదాపు అన్ని మందులను వ్రాసే అధికారం ఇంగ్లండులో లభించినది. 2012లో అది నియంత్రిత ఔషధాలలో అధిక భాగానికి విస్తరించినది. పుండుకు కట్టే కట్టుతో మొదలైన వాదం ఇంతదూరం రావడానికి ఇరవై ఏండ్లకు పైగా పట్టినది.

ఇక మన రాష్ట్రం నుండి వెళ్ళిన నర్సు మాట. ఆమె ఇంగ్లీషు పరీక్ష, కంప్యూటరుపై వ్రాత పరీక్ష, ఆచరణ పరీక్ష నెగ్గి అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో చేరుతుంది. ఆ రిజిస్టరు ఆమెను నర్సుగా అంగీకరిస్తుంది. మందుచీటి వ్రాసే నర్సుగా కాదు. ఇక్కడ పదేండ్లు పనిచేసిన అనుభవం ఉన్నా అంతే. కనీసం ఒక సంవత్సరం రిజిస్టరులో ఉన్న పిమ్మట, ఆ శిక్షణలో చేరుటకు ఆమె దరఖాస్తు చేయవచ్చును. ఔషధశాస్త్రంలో నూటికి కనీసం 80 మార్కులు రావాలి. మోతాదు లెక్కల పరీక్షలో నూటికి నూరు రావాలి. మోతాదులో దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగినచో మందు పదింతలవుతుంది. అందుచేతనే ఆ లెక్కలో ఒక్క తప్పును కూడ మన్నించరు. ఉత్తీర్ణురాలైన పిదప ఆ అర్హత రిజిస్టరులో ఆమె పేరు ప్రక్కన నమోదైన నాటి నుండియే ఆమె చీటికి విలువ.

అమెరికా పద్ధతి వేరు. అక్కడ ఎన్‌క్లెక్స్ పరీక్ష నెగ్గిన సాధారణ నర్సుకు మందులు వ్రాసే అధికారం లేదు. ‘నర్స్ ప్రాక్టీషనర్’ అనే ఉన్నత శ్రేణికి చేరినవారికే అది ఉన్నది. ఈ శ్రేణికి తొలి శిక్షణను 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ఆరంభించారు. నేడు దీనికి కనీసం మాస్టర్సు స్థాయి చదువు కావాలి. పైగా అధికారపు హద్దును నిర్ణయించేది ఆయా రాష్ట్రాల చట్టం. ఆరెగాన్‌లో స్వతంత్రంగా వ్రాయగల నర్స్ ప్రాక్టీషనర్, మన తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్‌కు మారినచో, అక్కడ ఒక వైద్యునితో లిఖిత ఒప్పందం చేసుకొననిదే చీటి వ్రాయలేదు. ఒకే దేశంలో రాష్ట్రం మారితేనే ఇట్లున్నప్పుడు, సముద్రాలు దాటిన వారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

దీనిని బట్టి తేలేది ఒక్కటే. విద్య మనిషి వెంట వస్తుంది, అధికారం రాదు. ఇది తిరుగు ప్రయాణానికి కూడ వర్తిస్తుంది. లండనులో వేలాది చీటీలు వ్రాసిన నర్సు గుంటూరుకు తిరిగి వస్తే, ఆ సంతకంతో షెడ్యూల్ హెచ్ మందు ఒక్కటీ కొనలేరు.

ఇది తెలియనిచో కలిగే నష్టం సామాన్యమైనది కాదు. పరదేశంలో మన కుటుంబాలు నర్సును “అక్కా” అని ఆప్యాయంగా పిలుస్తాయి. బిడ్డకు జ్వరం వస్తే, “ఇంటి నుండి తెచ్చిన యాంటీబయాటిక్ మాత్రలేమైనా ఉన్నవా?” అని అడుగుతాయి. మన అలవాటు చొప్పున ఆమె దయతోనే ఇవ్వవచ్చును. కాని బిడ్డకు ఆ మందు పడకపోతే, దయ ఆమెకు రక్ష కాదు. విచారణ జరిగి రిజిస్టరు నుండి పేరు తొలగినచో ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ముడిపడిన వీసా పోతుంది. ఆమె పంపే సొమ్ముపై ఆధారపడిన ఇల్లు ఇక్కడ కూలుతుంది.

మన దేశంలో కూడ ఈ ద్వారం కొంత తెరచుకొంటున్నది. ప్రాథమిక, నివారక వైద్యంలో నిర్ణీతమైన మందులను వ్రాసేందుకు ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’కు పరిమిత లైసెన్సు ఇచ్చే అవకాశాన్ని 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టం కల్పించినది. ప్రసూతి సేవలో నర్సులకు ఉన్నత శిక్షణ ఇచ్చే కార్యక్రమం 2017లో తెలంగాణలో ఆరంభమైనది. డాక్టరు చేరని పల్లెలున్నంత కాలం, బ్రిటన్‌లో 1986లో ఉదయించిన ప్రశ్న మనకూ తప్పదు.

తెలియక వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడని మన ధర్మశాస్త్రజ్ఞులు కూడ ఏనాడో నిర్ణయించారు. మందుచీటి గౌరవ చిహ్నం కాదు, అమానత్; నమ్మి అప్పగించిన సొత్తు. కనుక విద్యార్థినులారా, పరదేశానికి వెళ్ళేవారు ఆ దేశపు జీతమెంతో తెలుసుకొన్నట్లే, తమ అధికారం ఎంతవరకో కూడ ముందే తెలుసుకొనండి. కళాశాల సంఘంవారు కూడ ఇట్టి విషయాలపై ఏటా ఒక ఉపన్యాసం ఏర్పాటు చేయించినచో, అది మన బిడ్డలకు టిక్కెట్టు ఖర్చు కంటె విలువైన సహాయం కాగలదు.