ఒడి ఖాళీ లేని వేళ

మన పల్లెలలో ‘ఎడపిల్లల తల్లి’ అని ఒక మాట ఉన్నది. తక్కువ వ్యవధిలో వెంట వెంట బిడ్డలను కన్న ఇల్లాలిని గురించి ఆ మాట అంటారు. అనేటప్పుడు గొంతులో జాలి వినిపిస్తుంది. ఆ జాలి తల్లికి చెందినది. ఆమె నడుమును, నిద్రను, ఒంటిలోని రక్తాన్ని గురించినది. నిన్నటివరకు ఆ ఒడికి తానొక్కడే యజమానియై ఉండి, ఒకనాటి తెల్లవారుజామున దానిని పోగొట్టుకొన్న పెద్దబిడ్డకు ఆ జాలిలో దక్కే పాలు బహుస్వల్పం.

సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు అప్పటి గోల్డ్‌కోస్టులో, అనగా నేటి ఘనాలో, పనిచేస్తూ ఒక విధమైన జబ్బుపిల్లలను చూచింది. వారి కాళ్లు ఉబ్బి ఉండేవి. జుట్టు రంగు మారేది. ముఖంలో ఎప్పుడూ దిగులే. 1933లో ఆమె ఆ వ్యాధిని వర్ణించి, 1935లో అక్కడి గా భాషలోని పేరునే దానికి నిలిపింది. ఆ పేరు క్వాషియార్కర్. మరొక బిడ్డ పుట్టగా పక్కకు జరిగిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. చనుబాలు మాని, పిండితిండితో సరిపెట్టుకొన్న పసివారికి అది వచ్చేది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంవారు మన పిల్లలలో ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించారు. ఆనాటి తల్లులకు మాత్రం తెలిసిన ఉపాయం ఒకటే: కడుపు పండిందని తెలియగానే వేపాకు పసరు రాసి పాలు మాన్పించడం. పప్పు, గుడ్డు, పాలు తినిపించవలెనని ఇప్పుడు నేర్చుకొన్నాము. పక్కకు జరపడం మాత్రం పోలేదు.

నేనూ జరిపినదాననే. 1998లో నాకు రెండవ కాన్పు. మా పెద్దపిల్లకు అప్పటికి ఇరవై నెలలు. రాజమండ్రిలో అద్దెయిల్లు, కళాశాలలో ఉద్యోగం. మావారికి దినమూ కాకినాడ ప్రయాణం. పిల్లను ఎవరు చూడవలెనన్న ఆలోచన తొమ్మిదవ నెల దాకా మాకు రానేలేదు. మా అమ్మ ఉన్నది గదా అన్న ధీమా. నొప్పులు మొదలైన రాత్రి, తెల్లవారకముందే మా తమ్ముడు వచ్చి నిద్రలో ఉన్న పిల్లను భుజాన వేసుకొని, తొలి బస్సులోను, ఆపైన పడవలోను గౌతమి అవతల మా లంకకు తీసుకొనిపోయాడు. లేస్తే ఏడుస్తుందని, లేపవద్దని చెప్పినది నేనే. శ్రావణమాసం. గోదావరికి ఎర్రనీరు వచ్చి పడవలు సరిగా నడవలేదు. పురిటిస్నానం, ఆ తరువాత జ్వరం, అంతలో సెలవు అయిపోవడం. ఏవేవో అడ్డువచ్చి దీపావళి వెళ్లినదాకా నేను పిల్లను చూడలేదు.

నేను వెళ్లేసరికి అరుగుమీద మా అమ్మ కొంగు పట్టుకొని నిలబడి ఉన్నది. నన్ను పరకాయించి చూచి, “అక్కా” అన్నది. మా తమ్ముడు నన్ను అక్కా అంటాడు, మా అమ్మను అమ్మా అంటాడు. ఆ ఇంటి వరుసలే దానికి పట్టుబడినవి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి తెచ్చుకొన్నాక నెలరోజులపాటు అది నా చేతిముద్ద తినలేదు. చంటివాడు మంచంమీద ఉంటే తాను గుమ్మం దగ్గర చాపమీద పడుకొనేది. పసివాళ్లు, అన్నీ మరచిపోతారన్నారు పెద్దలు.

నావంటి తల్లులు అన్ని దేశాలలోనూ ఉన్నారు కాబోలు. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ అనే దంపతులు, కొద్దిదినాలు తల్లిని ఎడబాసిన పసివారి స్థితిని చలనచిత్రాలుగా తీశారు. 1969 నాటి ఒక చిత్రంలో జాన్ అనే పదిహేడు నెలల బాలుడు, తల్లి రెండవ కాన్పుకు వెళ్లగా తొమ్మిది దినాలు ఒక శిశుసదనంలో ఉంటాడు. అక్కడి ఆయాలు నిర్దయులు కారు. కాని పూటకొకరు మారుతారు. వాడు మొదట ఒక్కొక్క ఆయా ఒడినీ వెదకుకొంటాడు. తరువాత ఒక పెద్ద ఎలుగుబంటి బొమ్మను వాటేసుకొంటాడు. చివరకు తల్లి వచ్చి ఎత్తుకొన్నప్పుడు ఆమె చేతులలో నిలువక గింజుకొని ఏడుస్తాడు. అదే దంపతులు అటువంటి స్థితిలోని మరికొందరు పిల్లలను తమ యింటనే ఉంచుకొని చూచారు. ముందుగా పరిచయం చేసుకొన్నారు. పిల్లల పక్కబట్టలు, బొమ్మలు వెంట తెప్పించుకొన్నారు. తల్లి ఛాయాచిత్రం చూపి ఆమె మాట చెబుతూ వచ్చారు. ఆ పిల్లలకు దిగులు లేకపోలేదు. కాని జాన్‌వలె కుప్పకూలలేదు. ఈ సంగతి నేను చదివేసరికి మా పిల్ల పెళ్లీడుకు వచ్చింది.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి అని నేననుకోను. కాన్పుకు పుట్టింటికి పోయే ఆడపిల్ల పెద్దబిడ్డను చంకనెత్తుకొనే పోయేది. ప్రసవంనాటికి ఆ బిడ్డకు అమ్మమ్మ, పిన్ని, పెరటిలోని దూడ అన్నీ మాలిమి అయ్యేవి. పురిటిగదిలోనుండి తల్లి గొంతు వినబడుతూనే ఉండేది. నా తప్పు లంకకు పంపడంలో లేదు. ఒంటరిగా, నిద్రలో, చెప్పకుండా పంపడంలో ఉన్నది. ఇప్పుడు కాన్పులు పట్టణాల ఆసుపత్రులలో. అమ్మమ్మలకూ ఉద్యోగాలున్నవి. అమెరికాలోని పిల్లల కోసం ఆరునెలల బసకు ముందు ఒక వియ్యాలవారు, వారు తిరిగిరాగానే రెండవవారు విమానం ఎక్కుతున్నారు. పసివాడికి ఒకరు అలవాటయ్యేసరికి వారి తిరుగుప్రయాణం వస్తుంది.

ఇంతవరకు చెప్పినది ఉద్యోగస్థుల కథ. సార్వా ఊడ్పులకు పోయే కూలి ఇల్లాలికి, కడియం తోటలలో మొక్కలకు మట్టి నింపే ఆమెకు రెండవ బిడ్డ పుట్టితే ఏమవుతుందో ఉపాధ్యాయ మిత్రులకు నాకన్న బాగా తెలుసును. హాజరుపట్టీలో నాలుగవ తరగతి ఆడపిల్ల ఒకతె పేరుకెదురుగా వరుసగా సున్నాలు పడతవి. చంటిబిడ్డ తల్లి దగ్గర. రెండేళ్లవాడు ఆ పిల్ల చంకలో. ఒకరి ఒడి ఖాళీ లేకపోతే మరొకరి బడి పోయిందన్నమాట. నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలు ఇంటిపట్టునే ఉంటారు గనుక వారికి పిల్లలతో ఇబ్బంది ఏమిటని అడిగేవారున్నారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో వారిని గురించి ఒక గ్రంథం ప్రచురించింది. గంటల తరబడి చేసే ఆ పనిని ‘తీరికవేళ పని’ అని పేరుపెట్టి దాని విలువను ఎట్లా తగ్గించారో ఆమె చూపింది. సూది చేతిలో ఉన్నంతసేపు పిల్లవాడు కాళ్ల దగ్గర ఉన్నా, ఒడిలో ఉన్నట్లు కాదు.

ఈ చిక్కు తెలిసినవారు మనకు లేకపోలేదు. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు. ఆ మండలి గ్రామాలలో బాలవాడీలను నడిపించింది. అంతకుముందే, 1945లో, తారాబాయి మోడక్ అప్పటి ఠాణా జిల్లాలోని బోర్డీలో గ్రామీణ శిశువిద్యకు పూనుకొన్నది. ఆమె, అనూతాయి వాఘ్ కలిసి తరువాత కోస్బాడ్‌లో శిశుసదనాన్ని, బాలవాడీని, ప్రాథమిక పాఠశాలను ఒక్కచోట చేర్చారు. తమ్ముణ్ణి చంకనెత్తుకొన్న అక్క కూడ బడికి రాగలగాలంటే అంతకుమించిన ఉపాయం నాకు తోచదు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం వచ్చింది. అందులో ఆటపాటల చదువు మూడేళ్లు నిండినవారికి; అంతకు చిన్నవారికి ముఖ్యంగా ఇంటికి ఇచ్చే ఆహారం. 2017లో సవరించిన ప్రసూతి చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవును, 50 మంది గాని, అంతకు మించి గాని ఉద్యోగులున్నచోట శిశుసదనాన్ని విధించింది. ఊడ్పుల కూలీకి అది అందదు. 2022 నుండి ‘పాల్నా’ పేరిట అంగన్‌వాడీలకే శిశుసదనాలను జతచేసే ప్రయత్నం జరుగుతున్నది. ఏడాదిన్నరకు, మూడేళ్లకు నడుమనున్న పిల్లవాణ్ణి రోజంతా ఉంచుకొనే చోటు మన ఊళ్లలో ఇంకా అరుదే.

ఆ ‘అక్కా’ అన్న పిల్లకే ఇప్పుడు రెండవ కాన్పు రాబోతున్నది. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలు. కొడుక్కు ఇరవై రెండు నెలలు. సంక్రాంతికి వచ్చి, భోజనాల దగ్గర, “అమ్మా, వీణ్ణి మాత్రం నిద్రలో తీసుకుపోకండి” అన్నది. నేను తలెత్తి చూచాను. “అమ్మమ్మ చెప్పిందిలే” అన్నది. అంతకుమించి మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు.

మరునాటినుండి వెదకడం మొదలుపెట్టాము. నాకు ఉద్యోగం విడిచే వయస్సు ఇంకా రాలేదు. పట్టణంలో ఒక శిశుసదనం చూచి వచ్చాము. శుభ్రంగానే ఉన్నది, కాని మేము వెళ్లిన రెండుసార్లలో రెండవసారి ఆయా వేరు. చివరకు మా వియ్యపురాలితో మాట్లాడాను. “దాళ్వా కోతలు కానీయండి వదినగారూ, వస్తాను” అన్నది. గేదెను తోడికోడలికి అప్పగించి, పాలడబ్బు వదులుకొని, తణుకు దగ్గర పల్లెనుండి ఏప్రిల్ నెలాఖరుకు వచ్చేసింది. మూడు గదుల యింట్లో అత్తాకోడళ్లకు చిన్నచిన్న మాటపట్టింపులు రాలేదని చెప్పను. వచ్చిననాటినుండి వాడికి స్నానం, అన్నం, పడుకోబెట్టడం ఆమె చేతిమీదనే. తల్లి పక్కనే ఉంటుంది, చూస్తుంటుంది. ఆసుపత్రిని కూడ వాడికి ఒకసారి చూపించి, అమ్మ ఇక్కడ పడుకొంటుంది, నువ్వు మామ్మతో వచ్చి చూస్తావు అని చెప్పారు. వాడికి ఎంత అర్థమైందో గాని, ఆ వీధి రాగానే “అమ్మ బజ్జో” అంటున్నాడు.

ప్రసవానికి ఇంకా మూడు వారాలున్నవి. పోయిన ఆదివారం నేను వెళ్లి పప్పన్నం కలిపి ముద్ద పెట్టబోతే వాడు ముఖం తిప్పుకొని, పరుగెత్తి మామ్మ ఒళ్లో కూర్చొన్నాడు. మా వియ్యపురాలు నొచ్చుకొని, “అదేమిట్రా, అమ్మమ్మ గదా” అన్నది. ఈసారి నాకు కష్టం వేయలేదు. కంచం ఆమె చేతికి ఇచ్చాను.