పెంటదిబ్బ - మంచినీళ్ళ బావి

పెంటదిబ్బకూ బావికీ నడుమ గట్టినేల వున్నది గదా అని ధీమాగా వుండకండి. నేల క్రింది నీరు వాలును బట్టి నడుస్తూనే వుంటుంది. ఇసుకనేలలో రేణువుల సందుల గుండా మెల్లగా సాగుతుంది. రాతినేలలో పగుళ్ళు దొరికితే వడపోత లేకుండానే పరుగెత్తుతుంది. పెంటలోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారి, వాననీటిలో కరిగి, ఆ దారినే బావి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించితే త్రాగేందుకు పనికిరాదు. అటువంటి నీటితో పాలు కలిపి పడితే, ఆరు నెలల లోపు పసిబిడ్డ ఒళ్ళు నీలిబారి ప్రాణం మీదికి రావచ్చు.

కనుక దిబ్బను బావికి పల్లపు వైపున పెట్టండి. అదీ దూరంగా సుమండీ! మోటారుతో అదేపనిగా తోడితే పల్లపు నీరు సైతం బావి వైపే తిరుగుతుంది.