తూకపు యంత్రమూ, గోదావరి మట్టమూ

భద్రాద్రి రామయ్య గుడి మెట్లు ఎక్కుతూ సగంలో నేను ఆగిపోయింది భక్తితో కాదు, ఆయాసంతో! వెనక వస్తున్న ముసలమ్మ ఒకావిడ "పక్కకు జరుగు నాయనా" అని చకచకా ఎక్కి వెళ్ళిపోయింది. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆయన తూచి, రక్తం పరీక్ష చేయించాడు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. మూడు నెలల సగటు చక్కెర 6.2 శాతం. "ఇది ఇంకా జబ్బు కాదు మాస్టారూ, జబ్బు గుమ్మంలో నిలబడ్డారు. 6.5కు చేరితే లోపలికి వెళ్ళినట్టే" అన్నాడు. ఆ లోపల ఏముందో నాకు తెలుసు. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా నాన్నగారికి చక్కెర జబ్బు వల్లనే కుడిపాదం తీసివేశారు. ఆ తరవాత ఆయన అరుగు దిగలేదు.

ఇంటికి వస్తూ ఒక తూకపు యంత్రమూ, ఒక నోటుపుస్తకమూ కొన్నాను.

తెలుగు మేష్టరుకు ఈ పని కొత్తేమీ కాదనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలచేత పద్యపాదాలకు గురులఘువులు గుర్తింపజేస్తున్నవాణ్ణి. గురువంటే బరువు, లఘువంటే తేలిక! ఇక ముద్దముద్దకూ గణవిభజన చేస్తే సరిపోతుందనిపించింది.

కేలరీ అంటే ఆహారంలో దాగిన వేడికి కొలత. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. 19వ శతాబ్దం చివర అమెరికాలో ఆట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు మనిషిని గదిలో ఉంచి, అతడి ఒంటి నుంచి వెలువడే వేడిని కొలిచి మరీ పరిశోధనలు చేశాడు. మన తిండికి పట్టికలు మొదట 1937లో కూనూరు నుంచి వచ్చాయి. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. 1971లోనూ, మళ్ళీ 2017లోనూ కొత్త పట్టికలు వేశారు. కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2110, 55 కిలోల ఆడమనిషికి 1660 కేలరీలు కావాలని ఆ సంస్థ 2020లో లెక్క తేల్చింది.

నోటుపుస్తకం తెరవగానే కొన్ని రహస్యాలు బయటపడ్డాయి. నేను శత్రువనుకున్న అన్నం కంటే మిత్రుడనుకున్న నూనె ఎక్కువ దుర్మార్గం చేస్తున్నది. వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలైతే, వంద గ్రాముల నూనెకు 900! పులిహోర పోపులో మా ఆవిడ వంచే నూనెను మొదటిసారి చెంచాలతో కొలిచాను. చెంచాకు 45 చొప్పున కూడుతూంటే ఆవిడ, "ఏమండీ, వంటింట్లో ఈ ఆడిట్ ఏమిటి?" అంది.

అయితే ఆడిటరు కూడా నిజాయితీపరుడు కాడు. ప్రసాదం లడ్డు తిన్న రోజున పుస్తకంలో రాసేవాణ్ణి కాదు. స్వామివారి ప్రసాదానికి కేలరీలు కట్టడం అపచారం కదా!

మూడు వారాలకు మూడు కిలోలు తగ్గాను. స్టాఫ్‌రూములో అందరికీ ఉపన్యాసాలిచ్చాను. అంతలో శ్రీరామనవమి వచ్చింది. పానకం, వడపప్పు, పులిహోర, ఆవకాయ. మర్నాడు పొద్దున యంత్రం ఎక్కితే 1 కిలో 200 గ్రాములు పెరిగినట్టు చూపింది. గుండె జారిపోయింది. ఆ పూటా, మరుపూటా ఏమీ తినలేదు. పొద్దున ఒకసారి, కాలేజీకి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, పడుకోబోతూ ఒకసారి తూచుకున్నాను. మూడోనాడు క్లాసులో పారిజాతాపహరణం చెబుతూ, సత్యభామ అలక దగ్గర కళ్ళు తిరిగి బల్ల మీద పడిపోయాను. పిల్లలు నీళ్ళు చల్లి లేపారు.

డాక్టరు మందలించాడు. "మీ రక్తాన్ని నేను మూడు నెలల సగటుతో చూశాను. మీ బరువును మీరు ఒక్క పూటతో చూస్తారేం?" అని, లెక్క వేసి చూపించాడు. ఒక కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి సుమారు 7700 కేలరీలు తినాలి. అంటే 1200 గ్రాములకు, మామూలు భోజనం కాక, రెండున్నర కిలోలకు పైగా బియ్యం వండుకుని నేనొక్కణ్ణే తినాలి! పెరిగింది కొవ్వు కాదు, నీరు. ఆవకాయలోని ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. కాలేయమూ కండరాలూ దాచుకునే పిండినిల్వ ఒక్కో గ్రామూ సుమారు మూడు గ్రాముల నీటిని వెంటపెట్టుకుంటుంది. మొదటి వారాల్లో నేను గర్వంగా పోగొట్టుకున్న దాంట్లో చాలాభాగం ఆ నీరే. లీటరు నీళ్ళు తాగి ఎక్కితే కిలో పెరగక ఏమవుతుంది?

ఈ తూకాల పిచ్చి నాతోనే పుట్టలేదు. ఇటలీలో పాదువా నగర వైద్యుడు సాంటోరియో త్రాసుకు కుర్చీ వేలాడదీసి, దానిలో కూర్చుని, తిన్నదీ విసర్జించినదీ సుమారు ముప్పై ఏళ్ళు తూచాడు. తిన్నదానిలో పెద్దభాగం కంటికి కనబడకుండా ఆవిరై పోతున్నదని 1614లో పుస్తకం రాశాడు. మన భద్రాచలం ఎండల్లో ఆ మాట రుజువు చేయడానికి కుర్చీ కూడా అక్కర్లేదు.

నాకు అసలు పాఠం చెప్పింది మాత్రం నా విద్యార్థి. గోదావరి ఒడ్డున మునిగే ఊరతనిది. కరకట్ట మీద నడుస్తూ నా గోడు చెప్పుకుంటే, "సార్, ఒక్క గంట మట్టం చూసి వరద వచ్చిందనీ, పోయిందనీ మేము అనుకోం. పెరుగుతూ ఉందా, తీస్తూ ఉందా అని చూస్తాం" అన్నాడు. నిజమే! ఇక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు చూసిన ఊరు మాది. నది అడుగు పెరగగానే ఇల్లు ఖాళీ చేసేవాడూ, అడుగు తగ్గగానే చాప పరుచుకునేవాడూ ఇద్దరూ చెడతారు.

ఆనాటి నుంచి రోజూ పొద్దున లేచాక ఒక్కసారే తూచుకుని, వారానికొక సగటు కట్టాను. ప్రసాదం లడ్డు కూడా పుస్తకంలోకి ఎక్కింది. నూనె సగమైంది, అన్నం పక్కన పప్పూ కూరా పెరిగాయి, సాయంత్రం కరకట్ట మీద నడక కుదిరింది. పది నెలలకు సగటు 77కు దిగింది. చక్కెర 5.6. గుమ్మం దిగి వీధిలోకి వచ్చాను. మళ్ళీ ఎక్కకుండా చూసుకోవలసింది నేనే.

ఒకనాడు ఆ విద్యార్థి ఊరు వెళ్ళాను. అంగన్‌వాడీలో అతని అక్క తన బిడ్డను తూయిస్తున్నది. పోయిన నెల కంటే 200 గ్రాములు పెరిగాడనగానే ఆమె ముఖం విప్పారింది. అదే 200 గ్రాములు చూసి నేనెన్ని పొద్దులు మొహం మాడ్చుకున్నానో గుర్తుకు వచ్చి, ఆమె వైపు చూడలేకపోయాను.

ఇంతలో మేడారం జాతర దగ్గర పడింది. నాకు జబ్బు రాకుంటే సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానని మా ఆవిడ మొక్కుకుందట. బంగారమంటే అక్కడ బెల్లం. మనిషి ఎంత తూగితే అంత. తక్కెడలో కూర్చుని దిగాక ఆవిడ నాకేసి చూసి అంది:

"అంతా బాగానే ఉంది గాని, అమ్మలకు ఏడు కిలోల బెల్లం ఎగ్గొట్టారు!"