బల్లమీద చందుర్తి యుద్ధం

బొబ్బిలి యుద్ధం పేరు వినని తెలుగువాడు ఉండడు. చందుర్తి యుద్ధం పేరు విన్నవారు బహు అరుదు. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలినది. ఆ వెంటనే తాండ్ర పాపారాయుని చేత విజయనగర ప్రభువు విజయరామరాజు హతుడైనాడు. ఆయన వారసుడు ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. వారి చేతిలోని విశాఖపట్టణాన్ని పట్టుకొని ఇంగ్లీషువారిని సాయానికి పిలిచినాడు. వంగదేశంనుండి క్లైవు పంపగా కర్నల్ ఫోర్డు ఓడలమీద వచ్చినాడు. 1758 డిసెంబరులో పిఠాపురం ప్రాంతంలో, గొల్లప్రోలు దాపున గల చందుర్తి పొలాలలో ఫోర్డూ రాజూ ఒక వైపున, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన మరొక వైపున నిలిచి పోరినారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్టణం కోట ఇంగ్లీషువారి వశం కావటానికి ఈ గెలుపే దారి తీసినది. బొబ్బిలికి బుర్రకథ ఉన్నది, 1964 నాటి సినిమా ఉన్నది. చందుర్తికి అటువంటి భాగ్యం పట్టలేదు. బల్లమీద బొమ్మలతో యుద్ధం ఆడించదలచిన ఉపాధ్యాయునికి మాత్రం బొబ్బిలికంటె చందుర్తియే మిన్న. బొబ్బిలి కోటలోని స్త్రీలకూ బిడ్డలకూ పట్టిన గతిని పాచికలు వేసి ఆడుకోవటానికి ఎవరి మనసు ఒప్పుతుంది?

బొమ్మలతో యుద్ధమనగానే పిల్లల ఆట అని నవ్వేవారుంటారు. ఏనుగు, గుర్రం, రథం, బంటు అనే నాలుగంగాల సైన్యాన్ని గళ్ళ పటంమీద నడిపించిన చతురంగం మన దేశంలో పుట్టినదే. ఆ గళ్ళను తుడిచివేసి వాటి స్థానంలో నిజమైన భూమి పటాన్ని పరచినది ప్రష్యా దేశం. రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులు ఈ క్రీడను రూపొందించగా, 1824 నుండి అక్కడి సైనికాధికారులు దానిని అభ్యసించినారు. ఉభయపక్షాలకు నడుమ ఒక మధ్యవర్తి కూర్చుండేవాడు. ఎవరికి ఎంత కనబడుతుందో ఆయనే చెప్పేవాడు. 1913లో హెచ్.జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత ఇదే క్రీడను ఇంటి నేలమీదకు దించి, చిన్న ఫిరంగులతో కొయ్యగుండ్లు పేల్చి, ఒక పుస్తకమే వ్రాసినాడు. దసరాకు బొమ్మలకొలువు పెట్టి, ఆవాలు చల్లి పచ్చిక మొలిపించే ఇళ్ళలో ఈ కళకు కొత్తగా ఓనమాలు దిద్దనక్కరలేదు.

మొదట కావలసినది పటం. హైదరాబాదు తూర్పుకొసన ఉప్పల్‌లో భారత సర్వే విభాగంవారి శిక్షణ సంస్థ ఉన్నది. దాని ముందునుండి నిత్యం బడికి వెళ్ళే బాలబాలికలకు, లోపల నేర్పేది భూమిని కాగితంమీదకు దించే విద్య అని తెలియకపోవచ్చు. ఆ విభాగం 1767లో ఏర్పడినది; చందుర్తి యుద్ధం అంతకు తొమ్మిదేండ్ల ముందటిది. కనుక ఈనాటి సర్వే పటాన్ని తెచ్చుకొని వెనుకకు నడవాలి. రైలుదారిని తుడిచివేయాలి, తరువాతి కాలువలను పూడ్చాలి, ఊళ్ళను కుదించాలి. ఈ పని చేసిన విద్యార్థికి చరిత్రా భూగోళమూ వేరు వేరు పీరియడ్లుగా కనబడవు.

పిమ్మట కొలత. బల్ల నిడివి ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు అనుకొందాం. అంగుళానికి 25 గజాల చొప్పున లెక్కిస్తే అది 1,800 గజాల పొడవు, 1,200 గజాల వెడల్పు గల పొలమవుతుంది. సర్వేవారి 1:50,000 పటంలో అది తపాలా బిళ్ళంత మేర. ఆనాటి తుపాకి గురి తప్పకుండా తగిలేది సుమారు నూరు గజాల లోపుననే. అనగా బల్లమీద నాలుగంగుళాలు. ఇంతవరకు సులువే. చిక్కు బొమ్మతో వస్తుంది. 28 మిల్లీమీటర్ల సిపాయి నిజమైన మనిషిలో అరవయ్యో వంతు. వాడు నిలిచిన నేల మాత్రం తొమ్మిదివందలో వంతు! వాని కొలతకు సరిపడ ఇల్లు కట్టితే ఆ ఒక్క ఇల్లే ఊరంతటినీ ఆక్రమిస్తుంది. అందుచేత ఒక ఇంటిని ఊరనుకోవాలి, ఒక బొమ్మను యాభైమంది అనుకోవాలి. నాటకరంగంమీద నలుగురు భటులను చూచి సేన అనుకొనే ప్రేక్షకునికి ఇది కష్టం కాదు.

ఈ లెక్కన ఫోర్డు వద్ద నున్న 470 మంది ఐరోపా సైనికులు తొమ్మిది బొమ్మలు, 1,900 మంది సిపాయీలు ముప్పది ఎనిమిది. ఎదుట 500 మంది ఫ్రెంచివారు పది బొమ్మలు, 6,000 మంది సిపాయీలు నూట ఇరవై. వెనుక 30కి పైగా ఫిరంగులు. తలలు లెక్కపెడితే ఫ్రెంచివారే గెలవాలి. ఓడినారు. ఎందుకు?

అక్కడ ఎత్తుగా పెరిగిన పైరు ఉన్నది. ఫోర్డు తన తెల్లదండును ఆ పైరు మాటున నిలిపినాడు. ప్రక్కన ఎర్రకోట్లు తొడిగిన వంగదేశపు సిపాయీలను చూచి, వారే ఇంగ్లీషువారని ఫ్రెంచివారు పొరపడినారు. వారిమీద విరుచుకుపడి, చెదరగొట్టి, తరుముకుపోతుండగా పైరులోనుండి అసలు దండు వెలువడి ప్రక్కనుండి కాల్చినది. ఫ్రెంచివారి వరుస విరిగినది.

పైరు చేయటం తేలిక. కొబ్బరిపీచు కాలిపట్టాను ముక్కలుగా కోస్తే నిలువెత్తు చేను సిద్ధం. నాచారం పారిశ్రామికవాడ దాపున పెరిగే పిల్లలకు అట్టముక్కలకూ ప్లాస్టిక్ ముక్కలకూ కొదువ ఉండదు. కష్టమైనది పొరపాటును తయారుచేయటం. పాఠం చదివి వచ్చిన విద్యార్థి పైరు వంక చూచి నవ్వుతాడు. కాన్‌ఫ్లాన్స్‌కు ఆ జ్ఞానం లేదు గదా! కొందరు ఊరి పేరు, జెండా రంగు మార్చి, ఇది ఏ యుద్ధమో చెప్పకుండా ఆడిస్తారు. అంతకంటె మేలైన మార్గమొకటి ఉన్నది. ఇంగ్లీషు పక్షానికి మూడు బోర్లించిన చీట్లు ఇచ్చి, తెల్లదండు ఎడమనో, కుడినో, చేనిలోనో ఎక్కడైనా ఉండవచ్చునని విడిచిపెట్టాలి. మధ్యవర్తి స్థానంలో ఉపాధ్యాయుడు కూర్చుండాలి. అప్పుడు ఆట 1758 నాటి ఫలితాన్నే చూపకపోవచ్చు. సేనానికి ఆనాడు కలిగిన సందేహం మాత్రం విద్యార్థికి కలుగుతుంది.

ఇంతకంటె జటిలమైనది ఆనందగజపతి సేన. అయిదువందల గుర్రం, వేలకొలది కాల్బలం. ప్రతి దండుకూ ధైర్యానికి ఇంత అని ఒక అంకె వేయాలి. వీరికి ఎంత వేయాలి? ఈ యుద్ధాన్ని వివరంగా వ్రాసినవాడు రాబర్ట్ ఓర్మ్. ఆయన ఇంగ్లీషు కంపెనీవాడు, రాజు సేనను చులకనగానే చూచినాడు. ఆయన మాట నమ్మి ఒకటి వేస్తే, ఆయన అభిప్రాయమే పాచికల రూపంలో తరగతి గదిలోకి వచ్చి కూర్చుంటుంది. అభిమానంకొద్దీ ఆరు వేస్తే అది చరిత్ర కాదు, పొగడ్త. మరొక దారి లేకపోలేదు. రాజు గెలుపును వేరుగా నిర్వచించవచ్చు. ఫ్రెంచివారు తొలగిపోవాలి, తన సేన చెక్కుచెదరకుండా మిగలాలి, ఖర్చు తగ్గాలి. ఈ మూడూ సాధించిన ఆటగాడే రాజు పక్షాన విజేత. ఆ పక్షాన కూర్చున్న విద్యార్థి తన బొమ్మలను ముందుకు జరపక వెనుకనే నిలిపి ఉంచితే, అది పిరికితనమా, యుక్తియా అని తరగతి అంతా వాదించుకోవచ్చు. గంట కొట్టేలోగా ఆ వాదం తేలకపోతే బొమ్మలను ఉన్నవి ఉన్నట్లే బల్లమీద ఉంచి, మరునాడు మళ్ళీ మొదలుపెట్టటమే.