తాళము వేసిన యింటిలో ఎలుకలు, ఈగలు

పండుగ దినములలో మాత్రమే తలుపు తెరువబడు ఇండ్లు నేడు మన గ్రామములలో ఎన్నో కలవు. చదువులకును, ఉద్యోగములకును హైదరాబాదు, విశాఖపట్నము, బెంగుళూరు నగరములకు పోయినవారును, అమెరికాకు, గల్ఫు దేశములకు వలసపోయినవారును తాతల నాటి యింటిని అమ్ముకొన మనసొప్పక తాళము వేసి యుంచుచున్నారు. సెలవులలో వచ్చి విశ్రాంతి గైకొనుటకై క్రొత్తగా ఇండ్లు కట్టించుకొనువారును ఉన్నారు. సంక్రాంతికి పది దినములు, వేసవిలో మరి పది దినములు ఆ యింట దీపము వెలుగును. తక్కిన కాలమంతయు ఆ యింటి కాపురస్థులు ఎలుకలే.

"ఇల్లు వారిది, మనకేమి?" అని పంచాయతీ ఊరకుండరాదు. ఎలుకకు ప్రహరీగోడ అడ్డు కాదు. ఈగకు హద్దురాయి తెలియదు. తాళము వేసిన యింట పెరిగిన ఎలుక ప్రక్కయింటి గాదెలోని ధాన్యము తినును. ఆ దొడ్డిలోని చెత్తలో పుట్టిన ఈగ ఎదురింటి పసిబిడ్డ అన్నముపై వ్రాలును. గ్రామ పారిశుద్ధ్యము పంచాయతీ విధులలో ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టమును ఆ భారమును గ్రామపంచాయతీపైననే ఉంచినవి. కావున ఈ విషయమును సభ్యులు చక్కగా తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఎలుకలు చేరుటకు కారణములు

మన యిండ్లలో చేరునవి ముఖ్యముగా మూడు రకములు: చిట్టెలుక, ఇంటి యెలుక, పందికొక్కు. ఈ మూడవదాని తెలుగు పేరునే ఆంగ్లేయులు తమ భాషలోనికి బాండికూట్ అని తీసికొనిరి.

చిట్టెలుక చిన్నది గదా యని అలక్ష్యము చేయరాదు. దాని చూలు మూడు వారములే. ఈతకు అయిదారు పిల్లలు పుట్టును. ఆ పిల్లలు సుమారు ఆరు వారములలో తామును ఈనుటకు సిద్ధమగును. ఇది దినమునకు మూడు గ్రాముల తిండితో బ్రతుకగలదు. పండుగ తరువాత డబ్బాలో మిగిలిపోయిన కొద్దిపాటి అటుకులు ఒక యెలుకకు చాలాదినములు సరిపోవును. ఆరు మిల్లీమీటర్ల సందు, అనగా పెన్సిలు దూరునంత సందు ఉన్నచో అది లోపల ప్రవేశించును. పాత బొంతలు, పరుపులు, వార్తాపత్రికల కట్టలు దాని గూటికి సామగ్రి. మనుష్యసంచారము లేని యిల్లు దానికి నిర్భయస్థానము.

కాలము కూడ దీనికి తోడ్పడుచున్నది. నవంబరు, డిసెంబరు నెలలలో వరికోతలు ముగియగనే చేలలో తిండి లేక అనేక ఎలుకలు ఊరివైపు మరలును. సంక్రాంతికి బంధువులు రాకముందే అవి ఆ యిండ్లలో స్థిరపడియుండును.

ఎలుక తినుదానికంటె పాడుచేయునది ఎక్కువ. దాని కొరుకుడు పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. వానిని అరగదీసికొనుటకై కనబడినదెల్ల కొరుకును. కరెంటు తీగెలపై తొడుగును కొరికినప్పుడు, చూచువారు లేని యింట అగ్నిప్రమాదము జరుగవచ్చును. దాని మూత్రము కలిసిన నీటివలన ఎలుకజ్వరము వచ్చును. సకాలమున చికిత్స జరుగనిచో మూత్రపిండములు, కాలేయము దెబ్బతినవచ్చును. ఎలుకల వెంట నాగుపాము, కట్లపాము కూడ ఇంటికి చేరును.

ఈగలు పుట్టుటకు కారణములు

వంట లేని యింట ఈగలేల యుండునని కొందరు అడుగుదురు. మనుష్యులు విడిచిన చోటును ఇరుగుపొరుగువారు పెంటకుప్పగా మార్చుట మొదటి కారణము. మరుగుదొడ్డి గుంతకు మూత సరిగా లేకపోవుట, గాలిగొట్టమునకు వల లేకపోవుట రెండవది. గోడ సందులలో చచ్చిపడియున్న ఎలుకలు మూడవది.

ఆడ ఈగ ఒక పర్యాయము నూరు మొదలు నూటయేబది గ్రుడ్లు పెట్టును. అవి ఒక దినములోపల పొదిగి పురుగులగును. మన యెండలలో గ్రుడ్డు మొదలు రెక్కల ఈగ వరకు ఏడు మొదలు పది దినములు చాలును. అనగా వారమునకు ఒక పర్యాయమైనను చెత్త తీసినచో కొత్త ఈగలలో చాలభాగము పుట్టకయే పోవును. ఈగ గట్టి ఆహారమును నమలలేదు. కడుపులోని ద్రవమును దానిపై కక్కి, కరగించి పీల్చును. పెంటపై వ్రాలిన కాళ్ళతో అన్నముపై వ్రాలి విరేచనములు, కలరా, సన్నిపాతజ్వరము మొదలగు వ్యాధుల క్రిములను చేరవేయును. "ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత" అను సామెత ఈ కాలపు మేడలకును వర్తించును.

విషము మొదటి ఉపాయము కాదు

పండుగకు వచ్చినవారు ఎలుకను చూచిన వెంటనే అంగడికి పరుగెత్తి ఎలుకమందు తెచ్చి మూలమూలల చల్లి, నాలుగు దినములలో తాళము వేసి వెళ్ళిపోవుదురు. ఇది ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది. బ్రొమాడయొలోన్ వంటి మందులు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినముల తరువాత గోడ సందునకో, అటకమీదికో పోయి చచ్చును. ఆ కళేబరమునుండి దుర్వాసనయు, వేలకొలది ఈగలును పుట్టును. ఒక పీడను వదల్చుకొనబోయి రెండవ పీడను తెచ్చుకొన్నట్లగును.

ప్రాణభయము మరియొకటి. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో కలిసి విషవాయువు నిచ్చును. దానికి విరుగుడు లేదు. పచ్చభాస్వరము గల ఎలుకల పేస్టు కాలేయమును నాశనము చేయును. ధాన్యపు కొట్లలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను నివాసగృహమున ఎన్నడును ఉంచరాదు. అట్టి మందు అలమారలో మిగిలియున్న యింటికి సెలవులలో వచ్చు పసిపిల్లల సంగతి సభ్యులు ఆలోచింపవలెను. పొలములలో సామూహికముగా ఎర పెట్టవలసివచ్చినపుడు వ్యవసాయశాఖవారి సలహాపైననే పెట్టవలెను. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు వ్యవసాయ పరిశోధనాస్థానములో ఎలుకలపై ప్రత్యేక పరిశోధన జరుగుచున్నది.

ఈగల మందుల సంగతియు అట్టిదే. ఒకప్పుడు డి.డి.టి. చల్లిన చాలునని నమ్మిరి. కాని 1940 దశకము ముగియకముందే ఆ మందుకు లొంగని ఈగలు వివిధ దేశములలో కనబడినవి. పుట్టుచోటును తీసివేయక పెద్ద ఈగలను మాత్రమే చంపుట తూము మూయక చెరువు తోడుట వంటిది.

ఇంటివారు చేయవలసిన పనులు

1. సందులు మూయుట. తలుపు క్రింది అంచునకు రేకు కొట్టవలెను. గోడ కన్నములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చవలెను. తూములకు, కిటికీలకు, మరుగుదొడ్డి గాలిగొట్టమునకు సన్నని వల బిగింపవలెను. చూరును తాకు చెట్టుకొమ్మలను నరుకవలెను.

2. తిండి, గూడు లేకుండ చేయుట. తాళము వేయు దినమున గింజ, పిండి, సబ్బు ముక్క కూడ లోపల విడువరాదు. విడువవలసినవానిని మూత గట్టిగా పడు స్టీలు డబ్బాలలో ఉంచవలెను. పరుపులను చుట్టి ఎత్తుగా వ్రేలాడగట్టవలెను.

3. బోను పెట్టుట. చిట్టెలుక తన గూటినుండి సామాన్యముగా పది మీటర్లకు మించి తిరుగదు. గోడ వెంబడియే నడచును. కావున ఒక బోను చాలదు. గోడకు ఆనించి రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున పెక్కు బోనులు ఒకేమారు పెట్టవలెను. ఎండుకొబ్బరి, వేరుశనగ పప్పు, కాల్చిన ఎండుచేప మంచి ఎరలు. రెండు దినములు బోను బిగింపక ఎర మాత్రమే ఉంచి, అలవాటు పడిన తరువాత బిగింపవలెను. బోను పెట్టిన దినములలో ఉదయము, సాయంకాలము చూచువారుండవలెను. చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టవలెను.

4. శుభ్రము చేయుట. చాలదినములకు తలుపు తెరచినపుడు వెంటనే చీపురు పట్టరాదు. అరగంట సేపు తలుపులు, కిటికీలు తెరచి గాలి ఆడనిచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు వేసికొని, పెంటికలపై బ్లీచింగుపొడి కలిపిన నీరు చల్లి, నానిన తరువాత గుడ్డతో ఎత్తివేయవలెను. పొడిగా ఊడ్చినచో ఆ దుమ్ము ఊపిరితిత్తులలోనికి పోవును.

పంచాయతీ చేయదగినది

ముందుగా గ్రామమున తాళము వేసిన యిండ్లెన్నియో వార్డులవారీగా జాబితా వ్రాయవలెను. ఇంటిపన్ను తాఖీదు పంపునపుడే, ఊరిలో ఒక బంధువునకో, నమ్మకస్తునకో తాళపుచెవి అప్పగింపవలసినదిగా యజమానిని కోరవలెను. నెలకొకమారు ఇల్లు తెరచి చూచుటకు ఇది వీలు కల్పించును. యజమాని సమ్మతి లేక ఎవరును లోపల ప్రవేశింపరాదు. కాని వీధిలోని చెత్తయు, ప్రహరీ ప్రక్క పోసిన పెంటయు పంచాయతీ తీయవలసినదే. ఖాళీదొడ్డిలో చెత్త పోయువారికి నచ్చజెప్పుట వార్డు సభ్యుని పని.

పెంటకుప్పలను ఊరి వెలుపల గుంటలలో వేయించి, పైన మట్టి మెత్తించినచో లోపలి వేడికి ఈగపురుగులు చచ్చును. రైతునకు మంచి ఎరువు దొరకును.

ఇది యంతయు ఒకే వారములో ఊరంతయు కలిసి చేయవలెను. ఒక యింట బోను పెట్టి ప్రక్కయింట విడిచినచో ఎలుకలు మరల వచ్చును. కోతలు ముగిసి సంక్రాంతి ఇంకను దూరమున్న డిసెంబరు మాసము దీనికి తగిన కాలము. గ్రామసభలో ఈ విషయము ముందుగా చర్చించి తేదీ నిర్ణయించుకొనవలెను.

దూరదేశమున నున్నవారు ఊరిపై మమకారముచేతనే ఆ యింటిని నిలుపుకొనియున్నారు. వారు తలుపు తెరచునప్పటికి అది వాసయోగ్యముగా నుండుట వారికి మేలు. ఏడాది పొడుగునను ప్రక్కనే కాపురముండువారికి అంతకంటెను మేలు. ఈ డిసెంబరులో ప్రతి పంచాయతీయు ఈ కార్యమునకు పూనుకొనునని మేము ఆశించుచున్నాము.