పీటరును చిత్రించిన కీట్సు

అమెరికా దేశమునందలి న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ అను భాగము కలదు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున ఐరోపా ఖండమునుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చిన పేదకుటుంబములు అనేకము అచ్చటి ఇరుకు వాటాలలో కాపురముండెడివి. కాట్జ్ వారి కుటుంబము అట్టివానిలో ఒకటి. వారు పోలెండునుండి వలసవచ్చిన యూదులు. ఆ యింట 1916వ సంవత్సరము మార్చి 11వ తేదీన మూడవ సంతానముగా ఒక బాలుడు జన్మించెను. వానికి జేకబ్ ఎజ్రా కాట్జ్ అని పేరు పెట్టిరి. పసిపిల్లల బొమ్మల పుస్తకములకు రచయితయు, చిత్రకారుడును అయి, ఎజ్రా జాక్ కీట్సు అను పేర ప్రసిద్ధుడైనవాడు ఇతడే.

ఎజ్రా చిన్నతనమునుండియు బొమ్మలు గీయుచుండెను. చేతికి చిక్కిన కాగితము ముక్కయైనను, కొయ్యపలకయైనను విడిచిపెట్టెడివాడు కాడు. ఒకనాడు వంటయింటి బల్ల నిండ బొమ్మలు గీసి, తల్లి దండించునేమో యని భయపడుచుండెను. తల్లి ఆ బొమ్మలను చాలసేపు చూచెను. తుడిచివేయుటకు ఆమెకు మనసొప్పలేదు. శుక్రవారము రాత్రి భోజనమునకు పరచెడి మేలైన గుడ్డను తెచ్చి వానిపై కప్పెను. ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చినపుడు ఆ గుడ్డను తొలగించి, కుమారుని నేర్పును వారికి చూపి మురిసెను.

తండ్రి బెంజమిన్ తీరు వేరు. ఆయన ఒక కాఫీహోటలులో వడ్డన చేయువాడు. కళను నమ్ముకొన్నవారు పస్తులుండుటను ఎరిగినవాడు. తన కుమారునకు ఆ గతి పట్టునేమో యని ఆయన దిగులు. అందుచేత, బొమ్మలు కూడు పెట్టవని తరచుగా మందలించెడివాడు. అయినను అప్పుడప్పుడు ఇంటికి రంగుల గొట్టములు తెచ్చి, ఎవడో ఆకలిగొన్న చిత్రకారుడు గిన్నెడు సూపునకు బదులుగా వీనిని ఇచ్చిపోయెనని చెప్పి కుమారుని చేతిలో పెట్టెడివాడు. చాలీచాలని సంపాదనలోనుండి తానే కొని తెచ్చుచున్నాడను సంగతి మాత్రము బయటపెట్టెడివాడు కాడు.

ఎజ్రా ఉన్నతపాఠశాలలో చదువునాటికి అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యము వచ్చి, లక్షలకొలది జనులకు పని లేకపోయెను. నిలువనీడ లేని మనుష్యులు నెగడు చుట్టు చేరి చలి కాచుకొనుచున్నట్లు అతడు చిత్రించిన పటమునకు, దేశమందలి విద్యార్థులకు పెట్టిన పోటీలో బహుమతి లభించెను. 1935 జనవరిలో పాఠశాల పట్టప్రదానోత్సవము జరుగనుండెను. దానికి ముందురోజున బెంజమిన్ గుండె ఆగి మరణించెను. శవమును గుర్తించుటకు ఎజ్రా పోవలసివచ్చెను. అచ్చట తండ్రి జేబుసంచిని తెరచి చూడగా, అందులో నలిగి చిరుగుపట్టిన పత్రికల తునుకలు కొన్ని కనబడెను. అవి ఎజ్రాకు వచ్చిన బహుమతులను గూర్చి పత్రికలలో పడిన వార్తలు! ఎదుట వద్దు వద్దనుచు, చాటున వానిని జేబులో పెట్టుకొని తిరిగిన తండ్రి మనస్సు ఆ క్షణమున గాని అతనికి తెలిసిరాలేదు.

చిత్రకళాశాలలలో చదువుటకు అతనికి మూడు విద్యార్థివేతనములు వచ్చినను, ఇల్లు గడువవలెను గనుక వానిని వదలుకొనెను. పగలు పని, రాత్రి వీలున్నపుడు చిత్రకళాపాఠములు. నిరుద్యోగులకై ప్రభుత్వము పెట్టిన పథకమున కుడ్యచిత్రములు వేసెను. సాహసవీరుల బొమ్మల కథలలో వీరులను వేరొకరు గీయగా, వారి వెనుకనుండు మేడలను, వీథులను ఇతడు గీసెను. 1943లో సైన్యమున చేరి, శత్రువుల కంటబడకుండ రంగుల చాటున మరుగుపరచు ఉపాయములను చిత్రించు పని చేసెను. యుద్ధము ముగిసెను గాని, యూదుల యెడల ద్వేషము మాత్రము అమెరికాలో సమసిపోలేదు. పేరునుబట్టి యూదుడని తెలిసికొని పని లేదనువారు ఉండిరి. అందుచేత 1947లో కాట్జ్ అను ఇంటిపేరును విడిచి, చట్టప్రకారము ఎజ్రా జాక్ కీట్సు అను పేరు స్వీకరించెను. కన్నతండ్రి ఇచ్చిన పేరును కడుపుకూటికై మార్చుకొనవలసి వచ్చిన మనిషికి, తలుపు వెలుపల నిలబడుట యన నేమో ఒకరు చెప్పనక్కరలేదు.

1954 మొదలు కీట్సు పిల్లల పుస్తకములకు బొమ్మలు వేయసాగెను. కథలు ఇతరులవి, బొమ్మలు ఇతనివి. ఆ కథలను చదువుచున్నకొలది అతనికి ఒక విషయము తోచెను. న్యూయార్కు వీథులలో ఎచ్చట చూచినను నల్లజాతి పిల్లలు ఆడుకొనుచుండిరి. పుస్తకములలో మాత్రము వారు లేరు. ఉన్నను ఏ మూలనో నిలుచుందురే తప్ప, కథ వారిది కాదు. తానే కథ వ్రాసినచో ఆ పిల్లవానినే కథానాయకుని చేయుదునని కీట్సు సంకల్పించెను.

ఏ పిల్లవానిని? ఆ పిల్లవాడు అతనికి చాలకాలముగ ఎరుకయే. 1940లో లైఫ్ అను పత్రికలో నాలుగు ఛాయాచిత్రములు పడెను. రక్తపరీక్షకై సూది పొడిపించుకొనబోవు మూడు నాలుగేండ్ల నల్లజాతి బాలుని చిత్రములవి. ఆ బాలుని ముఖమందలి భావములు, వాడు నిలబడిన తీరు కీట్సు మనస్సును ఆకట్టుకొనెను. వానిని కత్తిరించి గోడకు అంటించెను, తీసి దాచెను, మరల అంటించెను. ఇట్లు ఇరువదిరెండేండ్లు గడచెను. 1962లో 'మంచు కురిసిన దినము' అని అర్థము వచ్చు పేరుగల పుస్తకమున ఆ బాలుడు పీటరను పేర వెలువడెను.

మన మైదానప్రాంతములవారు మంచు అనినంతనే వేకువజామున పొలములపై క్రమ్ము పొగమంచును తలతురు. న్యూయార్కున పడు మంచు అట్టిది కాదు. అది దూదిపింజలవలె ఆకాశమునుండి రాలి, వీథులలో గుట్టలుగ పేరుకొనును. పీటరు ఒక ఉదయమున మేల్కొని కిటికీనుండి అట్టి మంచును చూచును. ఎఱ్ఱని చలిదుస్తులు ధరించి వెలుపలికి పోవును. అడుగులు వేసి వాని జాడలను చూచుకొనును. కఱ్ఱతో చెట్టును కొట్టగా కొమ్మమీది మంచు నెత్తిన పడును. సాయంకాలము ఒక మంచుముద్దను, మరునాటికి దాచుకొందమని, జేబులో వేసికొని యింటికి వచ్చును. నిద్రకు పోబోవుచు జేబు తడవి చూచుకొనును. ముద్ద లేదు! వాడు దిగులుపడును. కాని తెల్లవారి లేచి చూడగా క్రొత్తమంచు కురియుచుండును. ఎదురువాటాలోని స్నేహితుని పిలుచుకొని మరల బయటికి పోవును. ఇంతే కథ. పీటరు నల్లవాడని గాని, వానికి కష్టములున్నవని గాని గ్రంథమున ఒక్క మాటయైనను లేదు. బొమ్మను చూచినవారికి తెలియును. మంచులో ఆడుకొనుట ఏ జాతి పిల్లవానికైనను ఒకటే గదా!

ఆ బొమ్మలను చేసిన విధము కూడ తెలిసికొనదగినది. రంగులతో చిత్రించి, అచ్చటచ్చట కొంచెము పూలకాగితము అంటింతమని మాత్రమే కీట్సు మొదట అనుకొనెను. వివిధవస్తువుల తునుకలను అతికి చిత్రము కూర్చు ఈ పద్ధతికి కొలాజ్ అని పేరు. అంతకుముందు అతడు దానిని చేసి యెరుగడు. కాని పని సాగినకొలది ఒకదానివెంట ఒకటి వచ్చి చేరెను. తల్లి గౌను, అలమారలలో పరచు ఆయిల్‌క్లాతుతో తయారయ్యెను. పక్కమీది దుప్పటికి చిత్రకారులు వాడు నారబట్ట సరిపోవునని తోచి, దుకాణమునకు పోయి సన్నని పీలిక యిమ్మని అడిగెను. అంత చిన్న పీలికపై ఏమి చిత్రింతువని దుకాణదారు ప్రశ్నింపగా, చిత్రించుటకు కాదు, పడక వేయుటకని బదులు చెప్పెనట! రబ్బరు ముక్కలను చెక్కి ముద్రలు చేసి, రంగులలో ముంచి మంచుపలుకులను అద్దెను. ఇండియా సిరాలో పండ్లు తోముకొను బ్రష్షును ముంచి, తుంపరలు చిమ్మి, పీటరు పడుకొన్న గది గోడను తీర్చెను.

అమెరికా గ్రంథాలయసంఘమువారు ఏటేట ఉత్తమమైన బొమ్మల పుస్తకమునకిచ్చు కాల్డికాట్ పతకము 1963లో ఈ పుస్తకమునకు లభించెను. పొగడినవారెందరో ఉండిరి. సుప్రసిద్ధుడైన నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ మెచ్చుకొనుచు లేఖ వ్రాసెను. ఒక ఉపాధ్యాయిని వ్రాసిన లేఖ మరింత విలువగలది. ఆమె తరగతిలోని నల్లజాతి పిల్లలు అంతవరకు తమ బొమ్మలను గులాబిరంగుతో వేసికొనెడివారు. ఈ పుస్తకము చదివిన పిమ్మట మొదటిసారిగా గోధుమరంగు బలపమును చేతబట్టిరట.

తప్పుపట్టినవారును లేకపోలేదు. 1965లో నాన్సీ లారిక్ అను విద్యావేత్త ఒక వ్యాసము ప్రకటించెను. అంతకుముందు మూడేండ్లలో వెలువడిన పిల్లల పుస్తకములను 5,200కు పైగా లెక్కింపగా, నల్లజాతివారు ఒక్కరైనను కానవచ్చునవి 349 మాత్రమేనని ఆమె తేల్చెను. ఆ లెక్క కీట్సు చేసిన పనికి బలము చేకూర్చునదే. కాని ఆమె అతని పుస్తకమును సైతము విడువలేదు. పీటరు తల్లి, వెనుకటి పుస్తకములలోని నల్లజాతి పనికత్తెల మూసలో పోతపోసినట్లున్నదనియు, పీటరు నల్లవాడని కథలో చెప్పనేలేదనియు ఆక్షేపించెను. కీట్సు నొచ్చుకొని ఘాటుగనే సమాధానము వ్రాసెను. నల్లజాతి బాలుని కథను తెల్లవాడు వ్రాయుటేమని అడిగినవారును ఉండిరి. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. ఆ రోజులలో నల్లజాతి రచయితలకు ప్రకాశకుల తలుపులు తెరచుకొనుట అరుదు. అయినను గులాబిరంగును విడిచిన ఆ పిల్లల సాక్ష్యము ముందు తక్కిన వాదములు చిన్నవే.

కీట్సు పీటరును అంతటితో విడువలేదు. మరి ఆరు పుస్తకములలో వాడు కనబడును. ఏటికేడు పెరుగును, ఈలవేయ నేర్చును, చెల్లెలు పుట్టగా తన చిన్ననాటి కుర్చీని ఆమెకిచ్చుటకు ముందు అలుగును. వాని వెనుక కనబడు రంగు వెలసిన గోడలు, చెత్తబుట్టలు, వీథిపిల్లులు బ్రూక్లిన్‌లో ఎజ్రా చిన్ననాట చూచినవే. ఎనుబదికి పైగా పుస్తకములకు బొమ్మలు వేసి, వానిలో ఇరువదింటికి పైగా కథలను తానే వ్రాసి, 1983 మే 6వ తేదీన తన 67వ యేట కీట్సు గుండెజబ్బుతో న్యూయార్కున మరణించెను. ఆయన పుస్తకములపై వచ్చు ఆదాయము ఆయన పేర నెలకొన్న సంస్థకు చెందెను. బడిపిల్లలు తామే కథ వ్రాసి, బొమ్మలు వేసి, పుస్తకము కుట్టి చూపు పోటీని ఆ సంస్థ న్యూయార్కు పాఠశాలలలో నడిపెను. 2017లో అమెరికా తపాలాశాఖవారు ఎఱ్ఱని దుస్తులలోని పీటరు బొమ్మతో తపాలాబిళ్లలు వెలువరించిరి. 2020లో న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయమువారు, తమ 125 ఏండ్ల చరిత్రలో పాఠకులు ఎక్కువ పర్యాయములు ఇంటికి తీసికొనిపోయిన పుస్తకమేదని లెక్కచూచిరి. పెద్దల గ్రంథములు, పిల్లల గ్రంథములు అన్నింటిని కలిపి చూడగా, 4,85,583 పర్యాయములతో మొదటిస్థానమున నిలిచినది పీటరు మంచులో ఆడుకొనిన ఆ చిన్నపుస్తకమే.